పదికి ఎంత

కేజీహెచ్ డౌన్‌లో ఆటో దిగి
తల తిరగక, ఒళ్లంతా తిప్పి చిల్లర అందుకున్నాను.
"రథం తిప్పినట్టు తిరుగుతన్నారేటి బాబూ!"
డ్రైవరు నవ్వాడు. నవ్వడానికీ నా మెడ ఒప్పుకోలేదు.

పోర్టులో క్రేను నాది.
నలభై మీటర్ల ఎత్తున, కాళ్ల కింద అద్దం, అద్దం కింద ఓడ.
పద్దెనిమిదేళ్లు కిందికే చూశాను.

ఫిజియోథెరపీ గదిలో ఫర్హానా,
కోటవీధి పిల్ల, ఆఖరు సంవత్సరం చదువు,
మందుల డబ్బాలో చీటీలు వేసి గలగల ఊపింది.
"మెడనొప్పికి చేతివైద్యాలు రెండు.
ఏది మేలో తేల్చాలి అంకుల్, ఒకటి తియ్యండి."
నాకు రెండో నంబరు.
నాకంటే ముందు తీసిన గరికిన నూకాలమ్మకి ఒకటి.
ఫిషింగ్ హార్బర్ నించి పూర్ణా మార్కెట్ దాకా
ముప్ఫై ఏళ్లు చేపల గంప మోసిన మెడ ఆమెది.
పైనించి దిగిన బరువు ఆమెకి,
కిందికి వాలిన చూపు నాకు.
నొప్పి మాత్రం ఇద్దరికీ అయిదో ఎముక దగ్గరే.

"నొప్పి పదికి ఎంత?"
నేను ఏడన్నాను.
నూకాలమ్మ తేల్చుకోలేదు.
"పదంటే ఏటమ్మా? పురిటి నొప్పా?
ఏటకెల్లినోడు నాలుగ్రోజులు రాని తుఫానా?
ఏ పదికి నెక్క సెప్పమంతావు?"
ఫర్హానా పెన్ను గాల్లో ఆగింది.
కాసేపటికి తనే ఆరు అని రాసుకుంది.

ఆమెను బోర్లా పడుకోబెట్టి
రెండు బొటనవేళ్లూ జంటగా వెన్నుపూస మీద పెట్టి
ఒత్తి వదిలి, ఒత్తి వదిలి,
లంగరేసిన పడవని అల తట్టినట్టు.
బిగుసుకున్న చోటికి రవ్వంత ఇవతలే ఆగడం,
మర్నాడు ఇంకాస్త లోపలికి.

నాకు ఒత్తడమే లేదు.
వెల్లకిలా పడుకుంటే చెంపకి అరచెయ్యి ఆనించి
"నెట్టండి" అంది. నెట్టాను.
"అంత కాదు. పసిపిల్ల పడుకున్న గది
తలుపు తోసినట్టు."
నలభై టన్నుల పెట్టెలు ఎత్తేవాణ్ని,
అంత చిన్న బలం నాలో ఎక్కడుందో
వెతుక్కోడానికి రెండు రోజులు పట్టింది.
నెట్టు. ఏడు అంకెలు. ఊపిరి వదులు.
కండ సడలిన ఆ ఒక్క క్షణంలో
తలని ఇంకో వేలెడంత పక్కకి తీసుకెళ్లేది,
తలుపు తెరిచినట్టు కాదు,
గడియ ఎప్పుడూ వేసి లేదని చూపించినట్టు.

బెంచీ మీద మా వాదులాట.
"నాది మేలు. నాను తొంగుంతే సాలు, పాపే సేస్తాది."
"నాది మేలు. సగం పని నేనే చేసుకుంటున్నాను."
"అయితే నీకు డాట్రెందుకు?"
ఎక్స్‌రే కవరు విసురుకుంటున్న టైలరు అప్పలసూరి
మెడ టక్కుమనిపించే మంగలి గొప్ప ఎత్తుకున్నాడు.
"ఆ చప్పుడు బాగుంటుంది తాతా,
కానీ మెడలో ఎముకలే కాదు, రక్తనాళాలూ ఉంటాయి."
తాత తన మెడ ఒకసారి తడుముకుని
కవరు విసరడం మానేశాడు.

మూడో వారం. చెవి పక్కన ప్లాస్టిక్ కోణమాని.
కుడికి నలభై రెండు డిగ్రీలు ఉండేది, అరవై ఎనిమిదైంది.
నూకాలమ్మది అరవై ఏడు.
నొప్పి నాకు మూడు, ఆమెకీ మూడు
(తుఫాను పదికే, అని మరీ చెప్పింది).
ఫర్హానా మొహం చిన్నబోయింది.
తేడా రాకపోతే ఏమని రాయాలి?
కాగితాల మీదికి వంగి
ఎడం చేత్తో తన మెడ తనే నొక్కుకుంటోంది,
రోజుకి పన్నెండు మెడలు పట్టే పిల్ల.

నూకాలమ్మ లేచింది.
చేపల వాసన వదలని బొటనవేళ్లు
సరిగ్గా ఆ అయిదో ఎముక మీద పెట్టింది.
ఒత్తి వదిలి, ఒత్తి వదిలి.
"పదికి ఎంతమ్మా?"
ఆ పిల్ల లెక్క చెప్పలేదు. కళ్లు మూసుకుంది.

మర్నాడు క్యాబిన్‌లో, ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ మధ్య
తల ఎత్తి కుడికి తిప్పాను.
డాల్ఫిన్స్ నోస్, దాని మీద లైట్‌హౌస్,
కొండ అంచున కొంచెం సముద్రం.
అరవై ఎనిమిది డిగ్రీల దాకా కనబడిందంతా ఇదే.
ఇంకో పన్నెండు డిగ్రీల అవతల ఏముందో
ఇంకా చూడలేదు.